గులకరాళ్ళ మీద పచ్చగడ్డి

"గిజిగాడా గిజిగాడా, గాలికి ఊగే మేడవాడా,
ఈతాకు కొసన ఇల్లెవరిదీ..."

ఆ తర్వాత ఇంకేదో ఉండేది. కళ్ళంలో ధాన్యం తూర్పారబడుతూ పాడుకునే పాట. ఎంత తలచుకున్నా రావడం లేదు. పోనీలే పిల్లలూ, కథ మాత్రం మిగిలింది.

అనగనగా ఒక అడవిలో, ఈతచెట్ల తోపులో, పీచయ్య అనే గిజిగాడు ఉండేవాడు. గూడు అల్లడంలో వాడికి సాటి లేదు. మూడు కొండల అవతల ఏటి దిబ్బ మీద తీతువు పిట్టలు గూడన్నదే లేకుండా గుడ్లు పెడతాయని ఎవరో చెప్పారు. వాడి మనసు కరిగిపోయింది. కూలీ నాలీ లేకుండా వాళ్ళకు గూళ్ళు అల్లిపెడతానని బయల్దేరాడు.

"వాళ్ళు అడిగారట్రా?" అని మేనమామ ఎకసెక్కమాడాడు. వాడు వినిపించుకోలేదు.

దిబ్బ మీద గులకమ్మ అనే తీతువు వాడిని ఆదరించి, మా ఇంటికి రా అంది. ఇల్లెక్కడా అని వెతుక్కుంటూ పీచయ్య అడుగు వేయబోయాడు.

"కాలు తియ్యి నాయనా. నా నాలుగు గుడ్లూ అక్కడే ఉన్నాయి."

ఎంత చూసినా వాడికి రాళ్ళే కనబడ్డాయి.

మధ్యాహ్నం ఆవిడ గుడ్లు వదిలి ఏటికి పోయి, పొట్ట తడుపుకొచ్చి కూర్చుంది. ఒకసారి కాదు, పదిసార్లు. గుడ్లు పొదగాల్సిన వేళ ఈ జలకాలేమిటో వాడికి బోధపడలేదు.

సాయంత్రం నక్క వచ్చింది. గులకమ్మ రెక్క ఈడ్చుకుంటూ, కుంటుకుంటూ దూరంగా పరుగెత్తింది. నక్క ఆవిడ వెంటపడి దిబ్బ చివరిదాకా పోయింది. అక్కడ ఆవిడ తుర్రున ఎగిరింది. కన్నతల్లే గుడ్లు వదిలి పారిపోయిందని పీచయ్య నొచ్చుకున్నాడు.

ఎవరినీ ఏమీ అడగలేదు. మర్నాడు ఆవిడ ఏటికి వెళ్ళగానే, పచ్చగడ్డి తెచ్చి గుడ్ల చుట్టూ ముచ్చటగా దడి అల్లాడు. పైకప్పుకు మరికాస్త గడ్డి కావాలని మళ్ళీ వెళ్ళాడు.

దారినపోయే కాకికి బూడిదరంగు రాళ్ళ నడుమ ఆ పచ్చటి దడి కనబడింది. దిగింది. ఒక గుడ్డు ఎత్తుకుపోయింది.

పీచయ్య గడ్డితో తిరిగొచ్చేసరికి గులకమ్మ వచ్చి మిగిలిన మూడింటినీ చూస్తోంది. గడ్డిని పోచా పోచా ఏరి అవతల పారేసింది. పచ్చదనం పోగానే గుడ్లు రాళ్ళలో కలిసిపోయాయి. అప్పుడు తెలిసింది పీచయ్యకు, వాళ్ళ ఇల్లేదో, నిన్న ఆ కుంటి నడకెందుకో.

ఆవిడ తిట్టకపోవడం మాత్రం అర్థం కాలేదు. తిడితే వెళ్ళిపోవచ్చు. తిట్టకపోతే ఏం చేయాలి?

"నాకు అల్లడమొక్కటే వచ్చు అత్తా. మా తోపుకి పోనా?" అన్నాడు తలవంచుకుని.

గులకమ్మ ఎండకేసి చూసింది. రాళ్ళు కాలుతున్నాయి.

"గుడ్లు ఉడికిపోతాయి నాయనా. ఏటికి పోయి నువ్వూ పొట్ట తడుపుకురా" అంది.

నీతి: సాయం చేద్దామని వెళ్ళినవాడు ముందు అక్కడివాళ్ళ పని నేర్చుకోవాలి.