ముళ్లపంది అవ్వ ఆకుల గోడ

నల్లమలలో ఒక వాగు ఒడ్డున చిన్న గుహ. లోపలి గోడ నిండా ఆకులే. మందుకు పనికొచ్చే ఆకు, ప్రాణం తీసే ఆకు అన్న తేడా లేకుండా, దొరికినవన్నీ ముళ్లపంది అవ్వ తన రాలిన ముళ్లతో రాతి పగుళ్లలో గుచ్చి, పక్కనే పేరు రాసి పెట్టింది. వాటి మధ్య నారపోగులు కట్టింది. ఎర్రనార కడితే ‘ఇది దాని రకం’ అని. తెల్లనార కడితే ‘ఇది దానిలో భాగం’ అని. విషమైతే బొగ్గుగీత. పై ఆకుకు గీత పడిందా, ఆ నారల వెంట దిగిన ప్రతిదానికీ పడ్డట్టే. పదేళ్ల పని అది. ఒక్క ముడి తప్పని తెలిసినా విప్పి మళ్లీ కట్టేది.

కోతి బావకు అదంతా నవ్వులాట.

“ఎందుకవ్వా ఈ సాలెగూడు? దగ్గుకు ఇది, నొప్పికి అది అని గుర్తుంటే చాలదూ?”

“నీకెన్ని గుర్తున్నాయిరా?”

“ఓ ఇరవై.”

“ఇరవై ఒకటోది ఎదురైతే?”

కోతి నవ్వేసి కొమ్మెక్కింది.

ఆ వానాకాలం దుప్పి పిల్లకు జ్వరం తగిలింది. మూడు రోజులైనా దిగలేదు. తల్లి దుప్పి దాన్ని గుహ కింద, వాగు ఒడ్డున పడుకోబెట్టి అవ్వకు కబురంపింది. అవ్వ వచ్చేలోపే నక్క వచ్చింది, దొప్పలో తెల్లటి ముద్దతో.

“ఏడవకు చెల్లెమ్మా! కొండ కింద ఊళ్లో దొరికే బంగారుగంట గింజ ఇది. నేనే స్వయంగా నూరాను. ఒక్క ముద్ద మింగిస్తే పిల్ల ఇక మూలగదు.”

నిజమే, ఇక మూలగదు! లేత మాంసం మీద నక్క కన్ను. అంతకుముందు రోజే గుహలో దూరి, గోడ మీది పేర్లన్నీ కంఠస్థం చేసుకుని, అందులో లేని పేరొకటి పుట్టించుకొచ్చింది.

అంతలో అవ్వ కోతిని వెంటబెట్టుకుని దిగింది.

“ఏం గింజ నాయనా?”

“బంగారుగంట. నీ గోడ మీద బొగ్గుగీత ఉందా దానికి?”

“ఆ పేరే లేదు.”

“విన్నారుగా! విషం కాదని అవ్వే ఒప్పుకుంది.”

“లేదంటే నాకు తెలియదని. మంచిదని కాదు,” అంది అవ్వ నెమ్మదిగా.

కోతికి ఉండబట్టలేదు. “అవ్వకు తెలియదు సరే, నువ్వు మటుకు ఆ చెట్టు చూశావా? కోతలా?”

నక్కకు రోషం వచ్చింది. “చూడకేం! ఆకు వేలంత సన్నం, తుంచితే పాలు. పువ్వు పసుపుపచ్చటి గంట. కాయ ఆకుపచ్చగా, పలకలు తేలి ఉంటుంది. చాలా?”

“చాలు,” అంది అవ్వ. “రండి, గోడ చదువుదాం.”

కోతి, దుప్పి గుహ గుమ్మంలో నిలబడ్డాయి, నక్క వాటి వెనకే. అవ్వ ఒక ఆకు మీద చెయ్యి పెట్టింది.

“ఊరి మేకలు తెచ్చిచ్చిన ఆకు ఇది. సన్నటి ఆకు, పాలు, పచ్చగంట పువ్వు, పలకల కాయ, ఈ నాలుగూ ఒక్క చెట్టుకే ఉంటే అది పచ్చగన్నేరు. ఎర్రనార ఎటు పోయింది, కోతీ?”

“పైకి… గన్నేరుకు.”

“అక్కడేముంది?”

“బొగ్గుగీత. పక్కన గుండె బొమ్మ.”

“గన్నేరు రకం ఏదైనా, అందులో ఏ భాగమైనా, గుండె ఆపుతుందని. ఇప్పుడు తెల్లనార చూడు. గింజ కాయలో భాగం, కాయ చెట్టులో భాగం. మరి గింజ?”

“విషం!” అంది కోతి. “అవ్వా, ఈ మాట నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదురా. ముడులే చెప్పాయి.”

దుప్పి ఒక్క దూకులో పిల్లకు అడ్డం నిలిచింది.

“అబద్ధం! రెండూ వేరే చెట్లు!” అంది నక్క.

“కావచ్చు నాయనా, ముడి తప్పైతే విప్పుతా. కాకపోతే ఒక్క మాట. పచ్చగన్నేరే అయితే, నూరిన చెయ్యి నోటికి తగిలినా ప్రమాదమే.”

ఆ మాట పూర్తికాకముందే నక్క చెయ్యి గడ్డిలో రుద్దింది, వాగులో ముంచింది, మళ్లీ రుద్దింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు!

“అయ్యో బావా,” అంది కోతి, “మందు అంటిన చెయ్యి అంతలా కడుగుతారా?”

దుప్పి గిట్టలెత్తి మీదికి దూకేసరికి నక్క పరుగో పరుగు. అవ్వ జ్వరపు ఆకుల గుంపులోంచి నేలవేము ఎంచి, పిల్లకు రసం పట్టించింది. మర్నాటికి ఒళ్లు చల్లబడింది. నక్క మాత్రం ఆ చెయ్యి నోటి దరికి రానివ్వక, మూడు కాళ్ల మీద కుంటుతూ, రెండు రోజులు పస్తులుంది.

తెలిసినవాటిని సరిగ్గా ముడివేసి పెట్టుకుంటే, ఎవరూ చెప్పని నిజం కూడా తనంతట తానే బయటపడుతుంది.