పిలుపుగుండుకు ఆ పేరు వచ్చిన వైనం

దొనకవాగు వంతెన దాటి, సుబాబుల్ తోటల మధ్య ఎర్రమట్టి బాట పట్టి నడిస్తే ఎదురుగా కనిపించే నల్లని గుట్టే పిలుపుగుండు. గుట్ట మీద సున్నపు గోడల చిన్న ప్రార్థన మందిరం ఉంది. మందిరానికి ముందు, లోయ వైపు ఒరిగి నిలబడిన పెద్ద బండరాయి ఉంది. ఆ గుండు పేరే గుట్టకూ, మందిరానికీ, ఇప్పుడు బస్సు ఆగే చోటుకూ వచ్చింది. యాత్రికులు చెప్పులు గుట్ట కింద వేపచెట్టు దగ్గర విడిచిపెట్టాలి. మందిరంలో మౌనంగా ఉండాలి. గుండు దగ్గర మాత్రం మౌనం పనికిరాదు. అక్కడికి వచ్చి గుసగుసలాడేవాళ్ళంటే మా సంఘ పెద్దలకు అస్సలు గిట్టదు.

ప్రతి ఏడాదీ కార్తీకపు ముసురు రోజుల్లో ఇక్కడ పిలుపుల పండుగ జరుగుతుంది. తెల్లవారుజామునే జనం గుట్ట కింద నుంచి గుండు దాకా బారులు తీరి నిలబడతారు. తనకు మొట్టమొదట దేవుణ్ణి పరిచయం చేసిన మనిషి పేరును ప్రతి ఒక్కరూ గొంతెత్తి పిలుస్తారు. అందరూ కలిసి అరవకూడదు. ఒకరి తర్వాత ఒకరే పిలవాలి. పట్నం నుంచి వచ్చిన వాళ్ళు, మైకు పెట్టి అందరి చేతా ఒక్కసారే పలికిస్తే పని త్వరగా తెమిలిపోతుంది కదా అని సలహా ఇస్తూ ఉంటారు. వాళ్ళకు ముందు ఈ కథ చెప్పి, ఆ తర్వాతే కాఫీ ఇస్తాం.

పూర్వం ఇక్కడ గుట్ట మీద మందిరం లేదు, గుండుకు పేరూ లేదు. గుట్టకూ వాగుకూ నడుమ పల్లంలో వాగొడ్డుపల్లె అనే చిన్న పల్లె ఉండేది. పల్లెకు ఉన్నది ఒకటే వీధి. వాగు వైపు ప్రార్థన పాకతో మొదలై గుట్ట వైపు ముగిసేది. పాక పక్కన మొదటి ఇల్లు గురవయ్యది. ఊరి రైతుల గేదెలను మేపడం అతని పని. పగలంతా గేదెల వెంట, పొద్దు వాలితే కల్లుపాక వెంట తిరిగేవాడు. చెయ్యి పెద్దది, గొంతు అంతకంటే పెద్దది. అతను దగ్గితే వాగు అవతల కొంగలు లేచేవని చెప్పుకుంటారు.

ఆ పల్లెకు ఎక్కడి నుంచో లూదియమ్మ అనే అవ్వ వచ్చి చేరింది. ఆమెకు రెండు కళ్ళూ లేవు. వయసులో ఉండగా కంటి వైద్యానికి ఏదో మిషను ఆసుపత్రికి వెళ్తే చూపు రాలేదు గాని, ప్రార్థన వచ్చిందట, పాట వచ్చిందట. ఆ రెంటినీ కొంగున కట్టుకుని పల్లెలు తిరుగుతూ ఇక్కడికి వచ్చి, ప్రార్థన పాక అరుగు మీద మకాం పెట్టింది. రోజుకొక ఇంట తినేది. అందుకు బదులుగా తెల్లవారుజామున చేతికర్ర తాటిస్తూ వీధి పొడుగునా నడిచి, ప్రతి ఇంటినీ పేరు పెట్టి పిలిచి ప్రార్థనకు లేపేది. లోపల నుంచి "లేచామవ్వా!" అనే మాట వినపడేదాకా ఆ గడప దగ్గర నుంచి కదిలేది కాదు.

గురవయ్యకు ఇదంతా తలనొప్పి. రాత్రి తాగిన కల్లు దిగకముందే గుమ్మం దగ్గర కర్ర చప్పుడు.

"గురవయ్యా! దేవుడు లేచాడు, నీ గేదెలు లేచినయ్. నువ్వు లేస్తే పని మొదలుపెడదామని చూస్తన్నారు నాయనా!"

"నీకు దణ్ణం పెడతా, పో అవ్వా!"

"దణ్ణం నాకెందుకురా? పెట్టాల్సినాయన వేరే ఉన్నాడు. లే!"

ఒకరోజు కోపం పట్టలేక కుండెడు నీళ్ళు ఆమె నెత్తిన కుమ్మరించాడు. అతని భార్య ప్రకాశమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. అవ్వ మాత్రం ముఖం తుడుచుకుని, "లేచాడమ్మా, లేచాడు! లేవకుండా కుండ ఎట్లా ఎత్తుతాడు?" అని పకపకా నవ్వి ముందుకు సాగింది. ఆ నవ్వు అతని చెవిలో పడి ఊరుకోలేదు. ఆ రోజంతా గేదెలు ఎటు పోతున్నాయో కూడా అతను చూసుకోలేదు. కొన్నాళ్ళకు కల్లుపాక దారి మరిచాడు. ఇంకొన్నాళ్ళకు ఒక తెల్లవారుజామున, ఆమె పిలవగానే లోపల నుంచి మెల్లగా "లేచామవ్వా" అన్నాడు. లూదియమ్మ గడప దగ్గరే కూలబడి ఏడ్చింది. ఆ వేసవిలో గురవయ్య బాప్తిస్మం పుచ్చుకుని గిద్యోను అయ్యాడు. తనకు దేవుడి ఇల్లు చూపించింది కళ్ళు లేని మనిషి అని చెప్పుకుంటూ, చెప్పిన ప్రతిసారీ కళ్ళు తుడుచుకునేవాడు.

ఇలా ఉండగా ఒక కార్తీకంలో ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన పట్టుకుంది. సాయంత్రానికి వాగు గట్టు తెగింది. పిల్లల్ని చంకనెత్తుకుని, ముసలివాళ్ళను భుజాన వేసుకుని, దొరికిన గొడ్డును తోలుకుని పల్లె పల్లె అంతా గుట్ట ఎక్కింది. ఎవరి కుటుంబం వాళ్ళు రాళ్ళ చాటున ముడుచుకున్నారు. వాన హోరులో పక్కవాడి మాట కూడా వినపడలేదు. అందరం క్షేమంగా చేరాం అనుకున్నారు, పాపం.

మర్నాడు తెల్లవారింది. వాన సన్నగిల్లింది. లోయ నిండా తెల్లని మంచు కమ్ముకుంది. గిద్యోనుకు మెలకువ వచ్చింది గాని, ఏదో వెలితిగా ఉంది. ఏమిటో అర్థం కాలేదు. కాసేపటికి తట్టింది. ఈ రోజు తనను ఎవరూ పిలవలేదు.

"ప్రకాశం, అవ్వ ఏదే?" అన్నాడు.

"ఉపదేశయ్య వాళ్ళతో వచ్చింది గదా మావా?"

పాకలో ప్రార్థన నడిపే సీమోను ఉపదేశిని అడిగితే, "నిన్న అన్నం వంతు యోనా వాళ్ళింట గదా, వాళ్ళతో ఉంటుంది" అన్నాడు. యోనా తెల్లబోయి, "జ్వరం, తినలేనంది. ప్రకాశమ్మ వాళ్ళు పాక పక్కనే గదా, తీసుకొచ్చి ఉంటారనుకున్నా" అన్నాడు. అందరి మనిషి కావడం వల్ల ప్రతి ఇంటివాళ్ళూ ఆమె పక్కింటివాళ్ళతో వచ్చిందనే అనుకున్నారు. నిన్న పాక అరుగు మీద అవ్వకు గొంగళి కప్పి పడుకోబెట్టింది గిద్యోను భార్యే. పాకకు పక్కిల్లు అతనిదే.

సరిగ్గా అప్పుడే కింద మంచులో నుంచి ఆ గొంతు వినపడింది.

"గిద్యోనూ! లే నాయనా! నీళ్ళొచ్చినయ్ రా! పిల్లల్ని లేపు!"

బతికే ఉంది! జ్వరం మైకంలో రాత్రంతా అరుగు మీదే పడి ఉండి, నీళ్ళు అరుగెక్కాక లేచినట్టుంది. నీళ్ళలో నిలబడి, ఖాళీ ఇంటి ముందు అతన్ని పిలుస్తోంది. జవాబు రానిదే ఆ గడప వదిలే మనిషి కాదని అందరికీ తెలుసు. నీళ్ళు ఇంకా పెరుగుతున్నాయని కూడా తెలుసు. గుట్ట మీద ఉన్నవాళ్ళంతా ఒక్క పెట్టున కేకలు మొదలుపెట్టారు. అవ్వా అవ్వా అని ఆడవాళ్ళు, ఇటు ఇటు అని మగవాళ్ళు, డప్పు తెచ్చుకున్నవాళ్ళు డప్పు, సీమోను ఉపదేశి చేతులెత్తి బిగ్గరగా ప్రార్థన. ఎంత గట్టిగా అరిస్తే అంత త్వరగా వస్తుందని వాళ్ళ నమ్మకం. కాని వాగు అవతలి దిబ్బకు ఆ గోల తగిలి తిరిగి వచ్చింది. నీళ్ళలో ఉన్న గుడ్డి మనిషికి కేకలు వాగులో నుంచే వస్తున్నట్టు వినపడ్డాయి.

"అయ్యో తండ్రీ, వాగులో పడ్డారా! వస్తన్నా, వస్తన్నా! భయపడబాకండి, నేను వస్తన్నా!"

ఆ గొంతు దూరం జరుగుతోంది. తమను కాపాడడానికి ఆమె వాగు వైపు నడుస్తోంది.

"నోళ్ళు మూయండి!" గిద్యోను అరిచిన అరుపుకు డప్పు ఆగిపోయింది. సీమోను ఉపదేశి ప్రార్థన మాత్రం ఆగలేదు. గిద్యోను అతని భుజం పట్టుకుని, "దేవుడికి వినపడిందిలే ఉపదేశయ్యా! ఇప్పుడు అవ్వకు వినపడాల. కాస్త ఆగు" అన్నాడు. ఉపదేశి పాపం, మంచివాడు. ఆమెన్ అనేసి ఆగిపోయాడు.

"అందరూ వినండి. మన వీధి వరసన నిలబడండి. నేను ముందు, నా తర్వాత యోనా, ఆ తర్వాత మీ మీ ఇళ్ళ వరస. నీళ్ళ దగ్గర నుంచి ఆ పైన గుండు దాకా. రోజూ అవ్వ మనల్ని ఏ వరసన లేపుద్దో ఆ వరసనే పలకండి. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళే నోరు తెరవాల. ప్రకాశం, నువ్వు పైకెక్కు, ఆఖరి గొంతు నీది."

అంటూనే తన కొమ్ముల గేదెను నీళ్ళలోకి తోలి, దాని తోక పట్టుకుని దిగాడు. గేదెకు నేల అందినంత దూరం వెళ్ళాడు. ఆ పైన మంచు, బురద నీరు. వీధి ఏదో, గుంట ఏదో తెలియదు. వీధి అవ్వ కాళ్ళకు తెలుసు. దిక్కు తెలిస్తే చాలు. గిద్యోను రొమ్ము నిండా గాలి పీల్చి, పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎన్నడూ పలకనంత గట్టిగా పలికాడు.

"లేచామవ్వా!"

గుట్ట మీద పసిబిడ్డ కూడా కిక్కురుమనలేదు.

"గిద్యోనా? నీ ఇల్లు ఇటు గదరా! గొంతు అటు నుంచి వస్తందేందిరా?"

"ఇల్లు మారామవ్వా! వీధంతా గుట్ట మీదికి మారింది! నా గొంతు పట్టుకుని రా!"

"చెప్పకుండా మారితే ఎట్లారా?" అని విసుక్కుంటూ ఆమె ఇటు తిరిగింది. కర్ర నీళ్ళలో తడుముతున్న చప్పుడు. ఆగినప్పుడల్లా గిద్యోను పలికాడు. పలికినప్పుడల్లా ఆమె కదిలింది. చివరికి మంచులో నుంచి ఒక తల, దాని మీద తడిసిన తెల్ల జుట్టు కనిపించాయి. గిద్యోను చెయ్యి చాపి అందుకున్నాడు. అందుకుని, చిన్నపిల్లవాడికి మల్లే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె అతని ముఖం తడిమి చూసింది.

"ఏడుపెందుకురా? నిన్ను లేపడానికి నాకు పట్టిన కాలంతో పోలిస్తే ఇదెంత? తర్వాతి ఇల్లు ఎవరిది? యోనాది గదా? యోనా!"

"లేచామవ్వా!" నీళ్ళ అంచున నిలబడి యోనా పలికాడు. ఆమె అటు నడిచింది. ఆ పై ఇల్లు, దాని పై ఇల్లు, ఒక్కొక్క గొంతూ ఆమెను పైమెట్టుకు అందించింది. ఎవరు ఎత్తుకుంటామన్నా ఒప్పుకోలేదు. తన వీధిలో తాను నడుస్తున్నానంది. చివరికి గుండు మీద నిలబడి ప్రకాశమ్మ పలికింది. వీధి పూర్తయింది. పల్లెలో ఒక్క ప్రాణం కూడా తప్పిపోలేదు.

లూదియమ్మ గుండుకు ఆనుకుని ఊపిరి తీసుకుని, "అందరూ లేచారు. ఉపదేశయ్యా, మీరు లేచారా?" అంది. పల్లెంతా ఏడుస్తూ నవ్వింది. పైకప్పు లేదు, పొడి బట్ట లేదు, ఇళ్ళు నీళ్ళ పాలయ్యాయి. అయినా ఆ పొద్దు అక్కడ జరిగిన ఆరాధన లాంటిది మళ్ళీ జరగలేదని పెద్దలు చెబుతారు. ఆ పాట విని అవతలి ఊరివాళ్ళు పడవల్లో గంజి తీసుకుని వచ్చారట. నీళ్ళు తీశాక పల్లె మళ్ళీ పల్లంలోకి దిగలేదు. గుట్ట పక్కనే ఇళ్ళు కట్టుకున్నారు. గుట్ట మీద మందిరం కట్టారు. గుండుకు పిలుపుగుండు అని పేరు పెట్టారు. ఏటా ముసురు రోజుల్లో అదే వరసన నిలబడి, తమకు దేవుణ్ణి చూపినవాళ్ళను పిలవడం మొదలుపెట్టారు.

ఆ తర్వాత చాలా కాలానికి లూదియమ్మ నిద్రలోనే ప్రభువును చేరింది. మందిరం పక్కన ఆమెను సమాధి చేశారు. ఆ ఏటి ముసురు రోజుల్లో జనం వాడుక చొప్పున బారులు తీరారు. గిద్యోను అప్పటికి ముసలివాడు. గుండు ఎక్కి, "లూదియమ్మవ్వా!" అని పిలిచాడు. జవాబు కోసం ఆగాడు. అవ్వ ఎన్నడూ పిలుపును వదిలిపెట్టిన మనిషి కాదు. జవాబు వచ్చేదాకా తానూ దిగనన్నట్టు అక్కడే నిలబడ్డాడు. కింద జనంలో కొందరు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు ప్రకాశమ్మ తల ఎత్తి ముసలి గొంతుతో కేక పెట్టింది.

"ముందే చేరింది మావా!"

మరుక్షణం గుట్ట గుట్టంతా "ముందే చేరింది!" అని మారుమోగింది. గిద్యోను ముఖం వెలిగిపోయింది. ఏడుస్తూ ఎక్కినవాడు నవ్వుతూ దిగాడు.

ఈనాటికీ పిలుపుల పండుగలో అదే పద్ధతి. పేరు గలవారు బతికి ఉండి అక్కడే ఉంటే పలుకుతారు. కాలం చేసినవారైతే జనమంతా కలిసి జవాబిస్తారు. పిలిచేటప్పుడు ఒకరి తర్వాత ఒకరు, జవాబు మాత్రం అందరిదీ. ఇక్కడికి వచ్చి పిలిచినంత మాత్రాన పొలాలు పండుతాయని, రోగాలు పోతాయని మేము చెప్పము. మనసులో బరువుతో వచ్చినవారు తేలికపడి దిగుతారని మాత్రం చెప్పగలం.

అప్పుడప్పుడు, "నాకెవరూ చెప్పలేదండీ, నా అంతట నేనే విశ్వాసంలోకి వచ్చాను" అనే పెద్దమనుషులు వస్తారు. వాళ్ళతో ఎవరూ వాదించరు. గుండు పక్కన చాప వేసి కూర్చోబెడతారు. పోయిన పండుగకు అలా వచ్చిన ఒక పెద్ద ఇంజనీరుగారు చాలాసేపు కూర్చున్నారు. ఎండ ఎక్కింది, బారులు పలచబడ్డాయి. ఉన్నట్టుండి ఆయన లేచి, కళ్ళజోడు తీసి, గుండు ఎక్కారు. చిన్నప్పుడు తమ ఇంట్లో అంట్లు తోముతూ, తోమినంతసేపూ తన కోసం పైకి వినపడేలా ప్రార్థన చేసి, ఎప్పుడో కాలం చేసిన మనిషిని ఆయన పిలిచారు.

"సుందరమ్మా!"

లోయలో పొలం పనికి వంగినవాళ్ళు కూడా నడుములెత్తి, గుట్ట మీది జనంతో గొంతు కలిపారు.

"ముందే చేరింది!"