సుబేదారు కళ్ళకు గంతలు

మా వంశంలో బుద్ధికి ఎన్నడూ కొరత లేదు. నేను పారినాయుణ్ణి. మా అన్న గౌరునాయుడు, తమ్ముడు చిన్నంనాయుడు. ముగ్గురం చెప్పిన మాట చెప్పినట్టు చేసేవాళ్ళం. సైన్యానికి అలాంటివాళ్ళే కావాలని, మా వైపు ఇంకా రైలు రాని ఆ రోజుల్లో, అమ్మ మమ్మల్ని రాజావారు కొత్తగా పెట్టిన సైనిక కాలేజీలో చేర్పించింది. ఊరంతా మూడు రోజులు మా బుద్ధి గురించే మాట్లాడుకుంది. ఏం మాట్లాడుకుందో మాకెవరూ చెప్పలేదు.

మాకు కవాతు నేర్పేది సుబేదారు దాలయ్యగారు. "పొద్దున కొమ్ము ఊదాక మంచం మీద ఒక్కడు ఉండకూడదు" అన్నారు మొదటిరోజే. ఒక్కడు ఉండకూడదు, అంతే కదా. కొమ్ము ఊదగానే ముగ్గురం ఒకే మంచం ఎక్కి పడుకున్నాం. మంచం విరిగింది.

"ఇదేమిట్రా?" అన్నారు.

"ముగ్గురం ఉన్నామండి, ఒక్కడు కాదు" అన్నాడు అన్న.

తర్వాత "బూట్లలో మీ మొహం కనబడాలి" అన్నారు. ఎంత తొంగిచూసినా లోపల చీకటే. చిన్నంనాయుడు తెలివైనవాడు, బూటు నిండా నీళ్ళు పోశాడు. ఇంకేముంది, మొహం చక్కగా కనబడింది. ఆ నీళ్ళ బూట్లతోనే కవాతుకి పోయాం. మా పక్కన నిలబడ్డవాళ్ళంతా మోకాళ్ళదాకా తడిశారు.

"తుపాకీని కన్నబిడ్డలా చూసుకోండి" అని ఇంకోరోజు అన్నారు. అంతే, కుంకుడురసంతో తలంటి పోశాం, సాంబ్రాణి పొగ వేశాం, బుగ్గన దిష్టిచుక్క పెట్టాం. బిడ్డకు ఆకలేస్తుందని అన్న గొట్టంలో గంజి పోశాడు. మర్నాడు అది పేలకపోతే దాలయ్యగారు ఎత్తి, వంచి చూశారు. గంజి మీసాల మీద పడింది.

ఆయన మీసాలు తుడుచుకున్నారు. చివరికి, "నాయనా, రేపు రాజావారు కవాతు చూడ్డానికి వస్తున్నారు. నా ఉద్యోగం మీ చేతుల్లో ఉంది. రేపొక్కరోజు నా కంటికి కనబడకండి" అన్నారు.

ముగ్గురం దాక్కోవడం కష్టం, రెండు కళ్ళు కట్టడం తేలిక. తెల్లారి మైదానంలో వెనకనుంచి వెళ్ళి ఆయన కళ్ళకు తలగుడ్డ గట్టిగా కట్టేశాం. ముడి ఆయన నేర్పిందే, లాగేకొద్దీ బిగుస్తుంది.

"విప్పండిరా" అన్నారు.

ఏం విప్పాలో చెప్పలేదు. కోట్లు విప్పాం, బూట్లు విప్పాం, నడుం పట్టీలు విప్పుతుండగా రాజావారి గుర్రం వచ్చేసింది. డెక్కల చప్పుడు విని దాలయ్యగారు వంటశాలకేసి తిరిగి సలాము కొట్టారు.

"సుబేదారుకి ఈ గంతలేమిటి?" అన్నారు రాజావారు.

"ఆయనకి మేం కనబడకూడదండి" అన్నాను.

రాజావారు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. దాలయ్యగారి ఉద్యోగం జోలికి పోలేదు. మమ్మల్ని మాత్రం "మీరు వచ్చిన దారినే వెళ్ళిపోండి" అన్నారు.

తమ్ముడు ఏడ్చాడు. "ఈ ఒక్క ఆజ్ఞైనా సరిగ్గా చేద్దాంరా" అన్నాడు అన్న.

మేం వచ్చింది వేసవిలో, ఎండిన ఏటి ఇసక మీదుగా. ఇప్పుడు శ్రావణమాసం, ఏరు ఒడ్డులొరుసుకుని పారుతోంది. రేవులో పడవవాడు పిలిచాడు, "రండి బాబూ, దాటిస్తాను."

"వద్దులే. మేం వచ్చిన దారి అడుగునుంది" అన్నాడు అన్న.

ముగ్గురం అడుగులో అడుగు కలిపి నీళ్ళలోకి దిగాం.