కనిపించిందన్న చుక్క

అనగనగా పొగడపురమనే రాజ్యం, దానికో రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు అందరినీ చూసి నవ్వేవాడు. రెండోవాడు పెద్దవాడు నవ్వితే నవ్వేవాడు. మూడోవాడు గిరిసేనుడు మాత్రం ఆ ఇద్దరూ తనను చూసి ఎక్కడ నవ్వుతారోనని భయపడేవాడు. రాజుగారి పెంపకం గురించి మనకెందుకు లెండి.

గిరిసేనుడికి ఓడ నడిపే సరంగు కూతురు కువలయతో పెళ్లి కుదిరింది. తండ్రి పక్కన కూర్చుని చుక్కలను గుర్తుపడుతూ పెరిగిన పిల్ల. తాళి కట్టారు, తలంబ్రాలు పోసుకున్నారు. చుక్కలు పొడిచాక ఇద్దరినీ పందిరి బయటికి తెచ్చి అరుంధతిని చూపించాలి. ఏడుగురు ఋషుల వరుసలో వశిష్ఠుడిని ఆనుకుని ఉండే చిన్న చుక్క అది. దాన్ని చూస్తేనే పెళ్లి పూర్తయినట్టు.

పురోహితుడు సోమయాజులుగారు వేలెత్తి చూపించారు. ఆయన సొంత గుమ్మం పోల్చుకోలేక రెండుసార్లు పక్కింట్లో భోజనానికి కూర్చున్న మనిషి.

"అదిగో అరుంధతి! కనిపించిందా?"

"కనిపించింది," అన్నాడు రాజు. "కనిపించింది," అంది రాణి. "కనిపించింది," అంది పందిరి మొత్తం. ఏ పెళ్లిలోనైనా అంతేగా. మెడ ఎత్తడం, కనిపించిందనడం, విస్తరి ముందుకు పరుగెత్తడం.

"నాకు కనిపించలేదండీ," అంది కువలయ. "వశిష్ఠుడు ఒక్కడే ఉన్నాడు. పక్కన చుక్క లేదు."

పెద్దన్న నవ్వాడు. రెండోవాడూ నవ్వాడు. "అరుంధతే కనపడని పిల్ల ఏం కాపురం చేస్తుందమ్మా!" అని ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు.

కువలయ గిరిసేనుడి వైపు తిరిగింది. "మీరు చెప్పండి. మీకు కనిపించిందా?"

అతనికీ కనిపించలేదు. అన్నల పళ్లు మాత్రం బాగా కనిపించాయి.

"కనిపించింది," అన్నాడు.

మర్నాడే కువలయను పుట్టింటికి పంపేశారు. ఆ పిల్ల ఏడవలేదు. వెళ్లేముందు అతని ముఖంలోకి ఒక్కసారి చూసింది. అప్పట్నుంచి గిరిసేనుడు అద్దంలో చూసుకోవడం మానేశాడు. నీళ్లు తాగుతున్నా కళ్లు మూసుకునేవాడు, చెంబులో తన ముఖం కనిపిస్తుందని.

మూడో నాటి రాత్రి ఒక్కడే సముద్రపు ఒడ్డుకు వెళ్లి తలెత్తాడు. నిజంగానే అక్కడ చుక్క లేదు.

"ఏం చూస్తున్నావు నాయనా?" అంది ఇసుకలోంచి ఒక తాబేలు.

"లేని చుక్కను."

"నాకు ఉన్నవే కనపడవు. నా చూపు మూరెడు," అంది తాబేలు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. "దాన్ని ధూమకేశుడనే మాంత్రికుడు ఆరు నెలల కిందట ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల ఉంది. ఎక్కు."

ఎక్కాడు. రెండు సముద్రాలు దాటాక వేటగాళ్ల ఒడ్డు వచ్చింది. మన ఋషుల చుక్కలు వాళ్లకు ఎలుగుబంటీ దాన్ని తరిమే వేటగాళ్లూనట. అరుంధతి ఆ మాంసం వండే కుండట. "కుండ పోయింది బాబూ, మింటి ఎలుగుబంటి పచ్చిగానే ఉండిపోయింది," అని దిగులు పడ్డారు.

ఇంకో రెండు దాటాక ఇసుక దేశం. అక్కడ సైన్యంలో చేరాలంటే ఆ చుక్క కనపడాలి. "ఆరు నెలలుగా వచ్చిన ప్రతివాడూ కనిపించిందంటున్నాడు," అన్నాడు సేనాపతి గర్వంగా. వెనక అతని సైనికులు ఒంటెలనుకుని ఇసుక దిబ్బలెక్కుతున్నారు.

ఇంకో రెండు దాటాక ఒక దీవి. ఆ చుక్క కనపడని ముసలివాళ్లు ఏడాదిలో పోతారని అక్కడి నమ్మకం. ముసలివాళ్లంతా చాపలు పరుచుకుని పడుకున్నారు. ఒక అవ్వ మాత్రం లేచి, "చావు ఎప్పుడొస్తుందో గానీ ముందు ఆకలేస్తోంది," అని గంజి కాచుకుంటోంది.

ప్రతి ఒడ్డునా గిరిసేనుడి తల ఇంకాస్త వంగింది.

ఏడో సముద్రం దాటాక తాబేలు చెప్పింది: "మాంత్రికుడి ప్రాణం చిలుకలో ఉంది. కత్తి దానికి దిగదు. అది అబద్ధాలు తిని బతుకుతుంది. లేని చుక్కను చూశామని ప్రతి పెళ్లిలోనూ మీరు దానికి మేత వేస్తున్నారు. నిజం మాత్రం దానికి అరగదు."

ఒడ్డునే మాంత్రికుడి గుహ. లోపల ఇనుప పంజరం, అందులో దూడంత చిలుక. దాని పక్కన మినుకుమినుకుమంటూ అరుంధతి.

"పెళ్లినాడు నీకు చుక్క కనిపించిందా?" అంది చిలుక.

"కనిపించిందను," అన్నాడు పంజరం వెనక నుంచి ధూమకేశుడు తియ్యగా. "చుక్కనిచ్చి పంపిస్తాను. తప్పంతా ఆ పిల్లదే అవుతుంది. నీ పరువు నిలబడుతుంది."

గిరిసేనుడు చిలుక వైపు తిరిగాడు. "కనిపించలేదు," అన్నాడు.

చిలుక కోడంత అయింది. "ఆమె చెప్పింది నిజమని తెలుసా?"

"తెలుసు."

చిలుక పిచుకంత అయింది. "మరి కనిపించిందని ఎందుకన్నావు?"

మాంత్రికుడు రెండు చేతులూ జోడించాడు. "వద్దు నాయనా, మగవాడివి, రాజు కొడుకువి!"

"అన్నలు నవ్వుతారని. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు."

చిలుక కందిగింజంత అయి రాలిపోయింది. ధూమకేశుడు బూడిదయ్యాడు. గిరిసేనుడు చుక్కను ఉత్తరీయంలో మూటగట్టి తెచ్చి సరంగు ఇంటి వాకిట్లో నిలబడ్డాడు.

"చుక్క తెచ్చాను కువలయా. తప్పు చేశాను."

"నా దగ్గర చెబితే ఏం లాభం?" అంది ఆమె, చేటలో బియ్యం చెరుగుతూ. "ఎక్కడ అన్నారో అక్కడే చెప్పండి."

మళ్లీ అదే పందిరి, అదే జనం. గిరిసేనుడు మధ్యలో నిలబడి, "ఆ రోజు నాకు చుక్క కనిపించలేదు. భయపడి అబద్ధమాడాను. కువలయ ఒక్కతే నిజం చెప్పింది," అన్నాడు. పెద్దన్న నవ్వాడు. ఈసారి రెండోవాడు నవ్వలేదు. "నాకూ కనిపించలేదు," అన్నాడు రెండోవాడు. "నాకు పన్నెండేళ్లుగా కనపడటం లేదు," అని సోమయాజులుగారు వేలు దించేశారు. పందిరంతా తల వంచుకుంది.

గిరిసేనుడు మూట విప్పాడు. అరుంధతి ఎగిరి వశిష్ఠుడి పక్కన కూర్చుంది.

"ఇప్పుడు కనిపించింది," అంది కువలయ, అతని చెయ్యి పట్టుకుని.

రాజు తన కిరీటం నిజం చెప్పిన కొడుకుకే ఇచ్చాడు. ఇద్దరూ అరవై ఏళ్లు రాజ్యమేలారు. ఆ రాజ్యంలో ఇప్పటికీ చుక్క కనిపించిందో లేదో ముందు పెళ్లికూతురే చెబుతుంది.

ఆ మొదటిరోజు పందిట్లో వెనక వరుస నుంచి అందరికంటే గట్టిగా "కనిపించింది" అని అరిచిందెవరో మాత్రం నన్నడక్కండి. లోపల బూరెలు చల్లారిపోతున్నాయి మరి. మూడు తిన్నాను. ఇప్పటికీ అరగలేదు.