నీళ్లతో నడక

నాంచారమ్మ ఒక వరి దుబ్బును వేళ్లతో సహా పీక్కొచ్చి కిరీటి ల్యాప్‌టాప్ మీద పెట్టింది. వేళ్లకి తడి మట్టి లేదు, పొడి దుమ్ము రాలింది.

"పాలు పోసుకునే ఏళ బాబూ ఇది. ఆ ఎన్ను ఒక్కసారి పట్టుకు చూడు."

కిరీటి పట్టుకు చూశాడు. వెన్ను చేతికి తగిలీ తగలనంత తేలిగ్గా ఉంది.

ఆమెది ఉప్పుతిప్ప. తోటవరం లాకుల దగ్గర మొదలయ్యే తొమ్మిదో నంబరు చానల్‌కి అదే చిట్టచివరి ఊరు. ఆ పైన ఉన్నది సముద్రమే. లాకుల దగ్గర మొత్తం తొమ్మిది చానళ్లు. రోజుకొక చానల్‌కి వంతు, ఉదయం ఎనిమిది నుంచి పన్నెండు దాకా. ఆ రోజు తొమ్మిదో దాని వంతు. ఎనిమిదింటికి షట్టర్ ఎత్తారు, పన్నెండింటికి దించారు. ఉప్పుతిప్పకి మాత్రం చుక్క చేరలేదు.

"మళ్లీ వంతు తొమ్మిది రోజులకి. అదే ఆఖరు. ఆనక కాలవ కట్టేస్తారు. అదీ తప్పిందంటే రెండొందల ఎకరాలు గొడ్లకి మేత కింద కోసుకోడమే" అంది నాంచారమ్మ. కోపంగా కూడా అనలేదు. దుబ్బును అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

కిరీటికి ఒళ్లంతా మంటెక్కినట్టయింది. తన తప్పేమిటో తెలిస్తే ఒప్పుకునేవాడే, తెలిస్తేగా.

లాకుల ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ఒక డెస్క్‌టాప్ కంప్యూటర్ వంతులు చూసుకుంటోంది. అందులో ప్రోగ్రాం రాసింది మస్తాన్‌వలీ గారు. వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఉంటూ, ఎవరూ చెప్పకుండానే, పుస్తకాలు ముందేసుకుని రాశారు. వంతు వేళ కాగానే అది గంట కొడుతుంది, లష్కరు ఏసుపాదం వెళ్లి షట్టర్ ఎత్తుతాడు. అంతే దాని పని. ఇప్పుడు ఆ డబ్బా ముసలిదైపోయింది. విడి భాగాలు దొరకవు. మౌస్ పోతే మౌస్ కూడా దొరకదు. అందుకని ప్రోగ్రామంతా క్లౌడ్‌లోకి, అంటే ఎక్కడో ఊరుకాని ఊళ్లో రాత్రీ పగలూ నడిచే సర్వర్ల మీదకి ఎక్కించే పని కిరీటికి ఇచ్చారు. మస్తాన్‌వలీ గారి దగ్గర, ఆ కీబోర్డు మీదే ప్రోగ్రాం రాయడం నేర్చుకున్న కుర్రాడు కదా అని. పెద్దాయన ఒప్పుకున్నాకే పాతది ఆపాలని ఇరిగేషన్ ఏఈ గారు ఒక షరతు మాత్రం పెట్టారు.

కిరీటి ఎక్కించాడు. ఇరవై రెండేళ్ల వంతుల్లో ఒక్క వరస పోలేదు. మూడుసార్లు సరిచూశాడు. పాతదాన్ని నడవనిచ్చి గంట మాత్రం ఆపాడు. దాని బదులు ఏసుపాదం సెల్లుకి మెసేజి వస్తుంది. ఆ సమయానికి మస్తాన్‌వలీ గారు కంటి ఆపరేషన్ చేయించుకుని కూతురింట్లో ఉన్నారు. ఆయన వచ్చి చూసి భేష్ అంటారని కిరీటి మనసులో ఒకటికి పదిసార్లు ఊహించుకున్నాడు. భేష్ సంగతి దేవుడెరుగు, ఆయన రాకముందే వరి దుబ్బు వచ్చింది.

ఆ సాయంత్రం ఆయన తిరిగొచ్చారని తెలిసి, లాకుల వెనక ఉన్న ఇంటికి పరిగెత్తాడు. మస్తాన్‌వలీ గారు నల్లకళ్లద్దాలు పెట్టుకుని అరుగు మీద కూచుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. కిరీటి చెప్పాల్సిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాడు.

"డేటా అంతా సరిగ్గానే ఉంది మాస్టారూ. టైమూ సరిగ్గానే ఉంది. మీ కంప్యూటర్‌లో గడియారమే తప్పు. రెండున్నర గంటలు ముందుకి పరిగెడుతోంది. నా సర్వర్లో క్షణం తేడా రాదు. మరి నీళ్లెందుకు పోలేదంటారు?"

మస్తాన్‌వలీ గారు కాసేపు కాయలు ఒలిచారు.

"రేపు ఒకటో నంబరు చానల్ వంతు కదూ?"

"అవును."

"ఏసుపాదం షట్టర్ ఎత్తాక నువ్వు కూడా బయల్దేరు. నీళ్లతోపాటు చివరి చేను దాకా నడిచి రా. నీళ్ల కంటే ముందు పోవద్దు, వెనక పడొద్దు."

"అది చూడ్డానికి నడవడమెందుకు మాస్టారూ? మ్యాప్ ఉందిగా."

"ఉంది" అన్నారు ఆయన. ఒలిచిన గింజలు అతని దోసిట్లో పోసి లోపలికి వెళ్లిపోయారు.

కిరీటికి చిర్రెత్తుకొచ్చింది. తొమ్మిది రోజుల్లో రెండొందల ఎకరాలు పోయేట్టుంటే ఈయన షికారు చేసి రమ్మంటున్నాడేమిటి అనుకున్నాడు. అయినా మాస్టారి మాట తీసెయ్యడం అతని వల్ల ఎన్నడూ కాలేదు.

మర్నాడు ఎనిమిదింటికి సెల్లు మోగింది, ఏసుపాదం చక్రం తిప్పాడు, నీళ్లు బుసకొట్టుకుంటూ ఎండిన చానల్లోకి దూకాయి. కిరీటి గట్టు మీద వాటి పక్కనే బయల్దేరాడు. మొదటి వంద గజాలూ పరుగులాంటి నడక. ఆ తర్వాత నీళ్లు నెమ్మదించాయి. ఎండుటాకుల్నీ నురగనీ ముందుకి తోసుకుంటూ, నెర్రెలు కనిపించిన చోటల్లా ఆగిపోయేవి. నెర్రె నిండితేగాని కదిలేవి కావు. ఎగువ చేల తూముల్లోకి సగం మళ్లిపోయేవి. ముందు పోవద్దన్నారు కాబట్టి కిరీటి కూడా ఆగాల్సి వచ్చేది. అన్నేళ్లు కాలవ పక్కనే పెరిగినవాడు, నీళ్ల ముందంచును అంత దగ్గరగా చూడడం అదే మొదలు.

రెండు కిలోమీటర్ల చానల్. చివరి చేను చేరేసరికి వాచీలో ఎనిమిదీ నలభై అయిదు.

అక్కడే గట్టు మీద చతికిలబడి లెక్క వేశాడు. రెండు కిలోమీటర్లకి ముప్పావు గంట. తొమ్మిదో చానల్ పొడవు పది కిలోమీటర్లు. దాదాపు నాలుగు గంటలు. ఎనిమిదింటికి వదిలిన నీళ్లు ఉప్పుతిప్ప చేరేసరికి పన్నెండు. పన్నెండింటికి షట్టర్ దిగిపోతుంది. ఇందులో అటూ ఇటూ లేదు. పన్నెండు దాటితే నీళ్లు దిగువ లాకుల వాళ్లవి. పదకొండున్నరకే వాళ్ల మనుషులిద్దరు వచ్చి, చేతి గడియారాలు చూసుకుంటూ షట్టర్ పక్కన నిలబడతారు.

ఎత్తడానికేమో కంప్యూటర్ గంట, దించడానికేమో పక్కవాళ్ల వాచీ. రెండున్నర గంటల సంగతి అప్పుడు తట్టింది కిరీటికి.

వెనక్కి వచ్చి ఏసుపాదాన్ని పట్టుకున్నాడు.

"పాత కంప్యూటర్ గంట కొట్టినప్పుడు బయట టైమెంతయ్యేది?"

"తెల్లారి అయిదున్నర బాబూ. దానికది ఎనిమిది."

"మరి నా మెసేజి ఎనిమిదింటికి వస్తుంటే చెప్పొద్దా?"

ఏసుపాదం వింతగా చూశాడు. "కొత్త మిషను గందా, కొత్త టైము పెట్టుకున్నారనుకున్నా. మీరు అడగలేదు, నేను చెప్పలేదు."

కిరీటి అక్కణ్ణుంచి నేరుగా మాస్టారింటికి వెళ్లాడు. పొద్దుటి నడకకి ప్యాంటు మోకాళ్ల దాకా బురద.

"గడియారం పాడవలేదు. మీరే ముందుకి తిప్పారు" అన్నాడు.

"అవును."

"ఎందుకు చెప్పలేదు మాస్టారూ నాకు?"

"ఎనిమిది గంటలని ఊళ్లన్నీ కలిసి కాగితం మీద రాసుకున్నాయి. ఆ కాగితం మార్చాలంటే కొట్లాటలయ్యేవి. రాత్రి నీళ్లు మంచినీటి చెరువులకి పోతాయి, తెల్లారగట్ల నాలుగున్నరకల్లా అవి నిండిపోతాయి. ఆ తర్వాత ఎనిమిది దాకా నీళ్లు ఊరికే పోతున్నాయి. ఎవరి నోటి దగ్గరిదీ లాక్కోలేదులే. ఒక్క తొమ్మిదో చానల్ వెంట నడిచాను, ఒక్క గడియారం తిప్పాను. మిగతా ఎనిమిదింటి సంగతి చూసే ఓపిక లేకపోయింది నాకు."

తన మాస్టారి నోట ఓపిక లేదన్న మాట కిరీటి ఎన్నడూ వినలేదు. తను చెరిపేసిన తప్పు తప్పు కాదని తెలిసి తల దించుకోవాల్సింది పోయి, లోపల ఏదో ఉత్సాహం లేచింది. మెసేజి వేళని రెండున్నర గంటలు వెనక్కి జరిపెయ్యడం ఒక్క నిమిషం పని. దాన్ని మాత్రం చెయ్యబుద్ధి కాలేదు. నీళ్లు చేరడానికి ఎవరికి ఎంతసేపు పడుతుందో ఇప్పటికి ఒక్క చానల్ సంగతే తెలుసు మరి.

"రేపు రెండో చానల్" అన్నాడు.

మస్తాన్‌వలీ గారు నల్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

ఆ ఎనిమిది రోజులూ కిరీటి ఎనిమిది చానళ్లూ నడిచాడు. నాలుగో చానల్ వంపుల్లో నీళ్లు ముసలమ్మలా సాగుతాయి. ఏడోది వాలు మీద ఉండి కుర్రాడిలా ఉరుకుతుంది. ఏ తూము దాటడానికి ఎన్ని నిమిషాలో, ఏ ఊరి ముందు ఎంతసేపు ఆగుతుందో సెల్లులో రాసుకున్నాడు. మధ్యాహ్నాలు లాకుల ఆఫీసులో కూచుని ఆ నడకలన్నిటినీ ప్రోగ్రాంలో పెట్టాడు. పాదాలు బొబ్బలెక్కాయి. ఏసుపాదం కొబ్బరినూనె తెచ్చిస్తే రాసుకున్నాడు.

ఎనిమిదో సాయంత్రం బండి మీద తొమ్మిదో చానల్ పొడుగునా పోయి చూశాడు. దిగువ సగం పదిహేడు రోజులుగా తడి లేని నేల. నెర్రెల్లో చెయ్యి దూరుతోంది. లెక్కకి ఇంకో అరగంట కలిపాడు. చెరువుల కాపలా అతన్నీ ఏఈ గారినీ కలిసి, నాలుగున్నరకి చెరువులు నిండుతాయని ఖాయం చేసుకుని, షట్టర్ వేళ నాలుగూ నలభైకి పెట్టాడు. చాటుగా కాదు. ఏ ఊరికి నీళ్లు ఎన్నింటికి చేరతాయో, ఎన్నింటికి తూము మూసుకోవాలో ఊరూరికీ మెసేజి పంపాడు. ఎగువ ఊళ్ల వాళ్లు కాసేపు గొణిగారు. షట్టర్ దించే వేళ పన్నెండుగానే ఉందని, తమ నీళ్లు తగ్గవని చూసుకున్నాక సణుగుడు మానేశారు.

తెల్లారగట్ల ఏసుపాదం సెల్లు మోగింది. షట్టర్ లేచింది. కిరీటి నీళ్లతో బయల్దేరాడు.

మొదటి ఊరు దాటేసరికి తూర్పు తెల్లబడింది. మెసేజి చూసుకున్నవాళ్లు ముందే వచ్చి తూముల దగ్గర నిలబడ్డారు. తమ వేళ కాగానే తీసి, వేళ కాగానే మూశారు. ఎవడో ఒకడు తన సెల్లు చూపించి, "మూడు నిమిషాలు లేటయ్యాయి నీ నీళ్లు" అని కిరీటితో వేళాకోళమాడాడు. అయిదో కిలోమీటరు దగ్గర నేల నీళ్లని తాగేస్తూ కూచుంది. నురగ కదలదు. కిరీటి వాచీ చూశాడు. పావుగంట, ఇరవై నిమిషాలు. నెర్రెలు నిండాయి. నురగ వణికి ముందుకి జారింది.

ఆ తర్వాత కిరీటి నడవలేదు, దాదాపు గెంతుతూ పోయాడు. ఎవరైనా చూస్తే నవ్విపోతారన్న ధ్యాస కూడా లేదు. కళ్లలోకి నీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు.

ఉప్పుతిప్ప కనిపించేసరికి తొమ్మిదికి పది నిమిషాలుంది. పాత గంట కాలంలో ఎన్నడూ తొమ్మిదిన్నరకి ముందు అక్కడికి నీళ్లు చేరింది లేదు. ఊరు ఊరంతా గట్టు మీదే ఉంది. ఆటోలో వచ్చిన మస్తాన్‌వలీ గారు కల్వర్టు మీద చెప్పులు విడిచి కూచున్నారు. నీళ్లు కల్వర్టు కింద నుంచి గలగలమంటూ బయటికి రాగానే పిల్లలు ఈలలేశారు, ఆడవాళ్లు చీరలు ఎగదోపి పారలు అందుకున్నారు. ఎవరో కిరీటి భుజాలు పట్టి ఊపేశారు. మూడు గంటల నీళ్లు. రెండొందల ఎకరాలూ తడవడానికి అవి చాలు.

కిరీటి మాస్టారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన ఏదైనా అంటారని చూశాడు. ఆయన నీళ్లవైపే చూస్తున్నారు. చివరికి తనే అడిగాడు.

"మాస్టారూ, ఇంక ఆ పాత కంప్యూటర్ ఆపెయ్యమంటారా?"

"నన్నడుగుతావేం? ఆవిణ్ణడుగు."

నాంచారమ్మ మోకాలి లోతు బోదె కాలవలో నిలబడి గట్టుకి గండి కొడుతోంది. కిరీటి ఆమె ముందుకి వెళ్లి అదే మాట అడిగాడు.

ఆమె పార ఎత్తి పట్టుకుని, అర్థం కానట్టు చూసింది.

"ఏ కంప్యూటరు? పక్కకి జరుగు బాబూ, నీళ్లకి అడ్డం నిలబడ్డావు."

కిరీటి గబుక్కున పక్కకి జరిగాడు. నీళ్లు అతని పాదాల మీదుగా ఆమె చేలోకి దిగాయి.

కల్వర్టు మీద మస్తాన్‌వలీ గారు నల్లద్దాలు తీశారు.

"విన్నావుగా. ఆపేయ్."