చుక్క పడితే రానన్న మామ్మ

మా ఇంటిపేరు చెబితే చాలు, మా ఊళ్ళో అందరూ నవ్వుతారు. మా తెలివి చూసి ముచ్చటపడి నవ్వుతున్నారని మేం చాలాకాలం అనుకున్నాం. నాన్న ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాడు. మాకు ఎవరేం చెప్పినా చెప్పింది చెప్పినట్టు చేస్తాం, సొంత పైత్యం కలపం. ఇంట్లో డిగ్రీ చదివినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి జరిగినదాంట్లో నా వాటా కొంచెం ఎక్కువే ఉంటుంది.

మా మామ్మ అచ్చియ్యమ్మకి ఒక పట్టుదల. తన ఇంట్లో తప్ప ఇంకెక్కడా నిద్రపోదు. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దామన్నా దారిలో కునుకు పడుతుందంటుంది. కునుకు మాత్రం నిద్ర కాదా అంటుంది. అందుకే తునిలో ఉన్న చెల్లెల్ని చూసి ఏళ్ళయిపోయింది. ఆ చెల్లెలు, మా చిన్నమామ్మ పేరంటాలు, ఈమధ్య ఫోన్ చేసింది.

"అక్కా, నాకు కళ్ళు మసకలొచ్చేస్తున్నాయే. పూర్తిగా పోకముందే నీ మొహం ఓసారి చూడాలని ఉంది."

మామ్మ ఫోన్ పట్టుకునే ఏడ్చేసింది. "నేనే వచ్చి చూస్తానే. మాటంటే మాటే" అంది. ఫోన్ పెట్టేశాక మాకేసి తిరిగి, "ఇల్లు కదిలొస్తే ఈ క్షణమే బయల్దేరతాను" అంది.

ఇంకేముంది, నాన్నా బాబాయీ వెళ్ళి ఒక పాత కాలేజీ బస్సు కొనుక్కొచ్చారు. లోపల మామ్మకి మంచం, గ్యాసు పొయ్యి, చిన్న బీరువా పెట్టించి ఇల్లుబండి చేశారు. మామ్మ కుడికాలు లోపల పెట్టి, మంచమెక్కి పడుకుంది. అప్పుడే వాన మొదలైంది. రేకుల అతుకులోంచి చుక్క జారి సరిగ్గా ఆవిడ నుదుటి మీద పడింది.

"ఇల్లు కారుతోంది. ఇంకొక్క చుక్క నా మీద పడితే నేను రాను" అని దిగిపోయింది.

మేం పెయింట్ల కొట్టుకి పరిగెత్తాం. కొట్టాయన మంచివాడే. అతుకులు మూసే సీలంట్ ట్యూబులు ఇచ్చి అన్నీ విడమరిచి చెప్పాడు.

"ముందు పాతదంతా తీసెయ్యండి. కొత్తది పెట్టి సబ్బునీళ్ళలో ముంచిన వేలితో నున్నగా లాగండి, గీత అయిపోయేదాకా వేలు తియ్యకండి. ఎక్కడ సందు కనబడినా మూసెయ్యండి, ఒక్కటీ వదలొద్దు. ఆరాక నీళ్ళు పోసి చూసుకోండి. అప్పటికీ ఎక్కడ చుక్క పడితే అక్కడ కొంచెం పూసెయ్యండి. అంతేనండి."

"ఇంత చిన్న పనికి మేస్త్రీ ఎందుకు, మనం లేమా?" అన్నాడు నాన్న.

పాతదంతా తియ్యడం మొదలుపెట్టాం. పాత సీట్లు తీశాం, పాత హారన్ తీశాం, పాత అద్దాలు తీశాం. మామ్మ మళ్ళీ ఎక్కి తన మంచం సర్దుకుంటోంది. బాబాయ్ ఆవిడకేసి చాలాసేపు చూసి, "ఇందులో అన్నిటికంటే పాతది అమ్మేనన్నయ్యా" అన్నాడు. అంతే, మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి, ఎత్తి అరుగు మీద పెట్టారు.

తరవాత నాన్న వేలు సబ్బునీళ్ళలో ముంచాడు. పైన రేకు దాకా చెయ్యి అందలేదు. అందిన చోట మొదలుపెట్టడం పద్ధతి కదా అని, నడుమెత్తున బస్సు చుట్టూ ఉన్న అతుకు పట్టుకున్నాడు. బాబాయ్ ముందు నడుస్తూ ట్యూబు పిండుతుంటే నాన్న వెనకాలే వేలితో లాగుతూ వెళ్ళాడు. బస్సు చుట్టి మొదలుపెట్టిన చోటికే వచ్చాడు. గీత అయిపోలేదు, ముందుకే ఉంది. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. ట్యూబు ఖాళీ అయి బాబాయ్ కూర్చుండిపోయినా నాన్న మాత్రం తిరుగుతూనే ఉన్నాడు. అమ్మ పప్పన్నం కలుపుకొచ్చి తలుపు దగ్గర నిలబడి, ఆయన అటు వచ్చినప్పుడల్లా ఒక ముద్ద నోట్లో పెట్టింది.

"ఎంత పొడుగు బస్సు కొన్నావురా తమ్ముడూ" అన్నాడు నాన్న, ఆయాసపడుతూ.

చదువుకున్నదాన్ని, ఊరుకుంటానా? "నాన్నా, గీతకి చివర ఎక్కడుందో చూసుకుని అక్కడ ఆగు" అన్నాను. చివర కోసం వెతుకుతూ ఆయన ఇంకొంత తిరిగాడు. ఈలోపు సీలంట్ ఆరిపోయి, వేలు బస్సు వెనక దీపం పక్కన అతుక్కుపోయింది. దాంతో గీత అయిపోయిందని అందరం ఒప్పుకున్నాం. నూనె రాసి వేలు ఊడదీశాం.

ఇక సందులు. మా వీధిలో సందు ఒక్కటే, మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉంటుంది. వెనకిళ్ళవాళ్ళందరూ అందులోంచే రావాలి. అంత పెద్ద సందుకి ట్యూబులు సరిపోవని, బస్సులోంచి తీసిన పాత సీట్లన్నీ పేర్చి అడ్డం కట్టేశాం. కాసేపటికి వెనకింటి డ్రిల్లు మాస్టారు ఆ సీట్లు ఎక్కి, పంట్లాం చింపుకుని ఇవతలకి దూకాడు.

"ఏంటండీ ఈ పని? దారి మూసేస్తారా?"

"సందు వదలొద్దన్నారండి. మీ మీద కోపం కాదు" అన్నాడు నాన్న.

"ముందు మీ బుర్రలో సందులు మూసుకోండి" అని ఆయన విసవిసా వెళ్ళిపోయాడు. మంచి మాట ఎవరు చెప్పినా వింటాం కదా. బుర్రకి ఎక్కడెక్కడ సందులున్నాయో ఒకరికొకరం చూసుకున్నాం. చెవులు కనబడ్డాయి. అందరం దూది పెట్టుకున్నాం. మర్నాడు వెనకిళ్ళవాళ్ళు అరుస్తూ సీట్లన్నీ పీకి పారేశారు. మాకేమీ వినబడలేదు, చాలా ప్రశాంతంగా ఉంది.

దూది తీసేశాక, నీళ్ళు పోసి చూడమన్న మాట గుర్తుచేసింది నేనే. ఎక్కడ పోయాలో చెప్పిందీ నేనే. "బయట పోస్తే నేలపాలే కదా, లోపల పోస్తే నిలుస్తాయో లేదో తెలుస్తుంది" అన్నాను. ఆ సలహా ఇచ్చినందుకు నన్ను చూసి నాన్న కళ్ళు చెమర్చాయి. తలుపు మూసి దాని చుట్టూ కూడా పూసి, కిటికీలోంచి గొట్టం పెట్టి మోటారు వేశాం. నీళ్ళు పొయ్యిని దాటాయి, మంచాన్ని దాటాయి. పరుపు తేలింది. బయటికి ఒక్క చుక్క రాలేదు. మేం చప్పట్లు కొట్టాం.

"అయ్యో నా పరుపు" అంది మామ్మ.

"నీ మీద చుక్క పడిందా?" అన్నాడు బాబాయ్.

మామ్మ ఆలోచించింది. "లేదు. కింద నుంచి లేచింది. అది వేరే" అంది.

పరుపు ఎండేసరికి చాలా రోజులు పట్టింది. ఎదురుచూసి ఎదురుచూసి, చిన్నమామ్మే తెలిసినవాళ్ళతో బస్సెక్కి మా ఇంటికి వచ్చేసింది. అక్కాచెల్లెళ్ళు వాటేసుకున్నారు. మాకందరికీ ఏడుపొచ్చింది, నిజంగానే. ఇంతలో మామ్మ ఉలిక్కిపడి లేచింది.

"నేనే వచ్చి చూస్తానన్నాను కదే. ఇది నువ్వొచ్చావు. నా మాటేం కావాలి?"

చిన్నమామ్మదీ ఆ రక్తమే. "అవునక్కా, మాట తప్పకూడదు. నువ్వు వెళ్ళి నన్ను చూసిరా. నేను నీ ఇంటికి కాపలా ఉంటాను" అంది.

అంతే, చిన్నమామ్మకి తోడుగా అమ్మని ఉంచి మేం బయల్దేరాం. తునిలో చిన్నమామ్మ ఇంటి ముందు బండి ఆపి తలుపు కొట్టాం. తాళం వేసి ఉంది. మామ్మ ముఖం చిన్నబోయింది. "ఇంత దూరం వస్తే ఇంట్లో ఉండకుండా ఎటు పోయిందో చూడు" అంది. ఫోన్ చేశాం.

"నేను మీ ఇంట్లో ఉన్నాను కదా. అక్కడే ఉండండి, మీ అమ్మని తీసుకుని వచ్చేస్తున్నా" అంది చిన్నమామ్మ.

మామ్మ బండిలో మంచమెక్కి పడుకుంది. వాన మొదలైంది. పైన రేకుకి మేమెప్పుడూ ఏమీ పూయలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. చుక్క జారి మామ్మ ముక్కు మీద పడింది.

మామ్మ లేచి కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళు. "చుక్క పడితే రానన్నాను. పదండి వెనక్కి. దాన్ని చూసే రాత నాకు లేదు" అంది. బాబాయ్ తాళంచెవి తిప్పబోయి ఆగిపోయాడు.

"ఎక్కడ చుక్క పడితే అక్కడ పూయమన్నాడు కదన్నయ్యా కొట్టాయన?"

ట్యూబు అడుగున కాస్త మిగిలింది. నాన్న వేలు తడిచేసుకుని మామ్మ ముక్కు మీద నున్నగా పూశాడు. వేలు వెంటనే తీసేశాడు, ఆ మాత్రం అనుభవం వచ్చింది. ఆరాక ఇంకో చుక్క పడింది, పడి జారిపోయింది.

"నా మీద పడలేదు, సీలంట్ మీద పడింది" అని మామ్మ నిమ్మళంగా పడుకుంది.

చిన్నమామ్మ వచ్చి బండెక్కి, మసక కళ్ళతో అక్క ముఖమంతా తడిమింది. ముక్కు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"ఇదేంటక్కా?"

"కారకుండా వేయించుకున్నానే."

చిన్నమామ్మ కొంగుతో తన ముక్కు తుడుచుకుంది.

"నాకూ వాన పడితే చాలు ఒకటే కారుతుందక్కా. కొంచెం మిగిలిందా?"