వరహాలమ్మ నడికట్టు

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే వరహాలమ్మకు, పొయ్యి ముందు కూర్చుంటే పిండినీళ్లు అయిపోయేదాకా లేవదన్న పేరంటే ప్రాణం. బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టలు మండుతుంటే, పిండినీళ్లలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క విసురున లాగేది. కాగితంకన్నా పల్చటి రేకు లేచేది. కాళ్లు తిమ్మిరెక్కినా, ఒంటేలుకు వస్తున్నా ఆవిడ మాత్రం లేచేది కాదు. లేచినవాళ్లను ఊరుకునేదీ కాదు.

కోడలు కుసుమ కొత్తగా ఈ పని నేర్చుకుంది. మధ్యమధ్యలో లేచి నడుం చాచుకునేది.

"అమ్మాయ్, నీ పీట కింద చీమలున్నాయేంటే?" అని ఇరుగుపొరుగు ముందు నవ్వేది వరహాలమ్మ. "నీ వయసులో నేను కూకుంటే పొద్దుగూకాకే లేచేదాన్ని."

కుసుమ గబగబా వచ్చి కూర్చునేది.

నిజానికి వరహాలమ్మకు ఏళ్ల తరబడి నడుం నొప్పి. నడుం నుంచి తుంటిలోకి, అక్కణ్ణుంచి పొత్తికడుపు అడుక్కి దిగేది. ఆ చోట నొప్పని ఎవరితో చెప్పుకుంటుంది? పాత చీర చించి కుట్టుకున్న నడికట్టును లోపల బిగించి కట్టి, పళ్ల బిగువున కూర్చునేది. ఒకరోజు పీట మీంచి లేవబోతే ఒళ్లు లేవలేదు. భయం పుట్టి, చెల్లెలింటికని చెప్పి రాజమండ్రి వెళ్లింది.

అక్కడ ఫిజియోథెరపీ చేసే డాక్టరమ్మ అంతా పరీక్షించి, "నడుం బలహీనపడిందనుకుంటున్నారు కదా? కాదండి. పొత్తికడుపు అడుగున ఉండే కండరాలు పిడికిలిలా బిగుసుకుపోయాయి. ఇప్పుడు నాతో మాట్లాడుతూ కూడా బిగబట్టే ఉన్నారు. నొప్పి వస్తుందని బిగబడతారు, బిగబట్టినందుకు మళ్లీ నొప్పి వస్తుంది" అంది.

వరహాలమ్మ నిర్ఘాంతపోయింది. ఇన్నేళ్లూ మందనుకుని బిగించి కట్టుకున్నదే రోగానికి తోడైందా!

"మరి నేనింక కుండ ముందు కూకోవచ్చాండీ?" అని అడిగింది.

"కూర్చోండి. కానీ మధ్యలో లేచి తిరగండి. ఒంటేలు ఆపుకోకండి. రోజూ వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పొట్ట మీద చెయ్యేసుకుని నిదానంగా ఊపిరి పీల్చండి. పొట్ట పొంగనివ్వండి. ఒళ్లంతా వదులుగా వదిలేయండి."

వరహాలమ్మ ఇంటికొచ్చి నడికట్టు విప్పి అటక మీద పారేసింది. రోజూ తలుపేసుకుని డాక్టరమ్మ చెప్పినట్టే చేసేది. ఎవరైనా అడిగితే "జపం చేసుకుంటున్నా" అనేది. నాలుగు రోజులు హాయిగా ఉంటే, మర్నాడు నొప్పి మళ్లీ వచ్చి వెక్కిరించేది. ఏడుపొచ్చినా ఆవిడ మానలేదు. వానలు పోయి చలి మొదలయ్యేసరికి నడుం తేలికైంది.

అక్కడితో బుద్ధి రావాల్సింది. రాలేదు. లేస్తే పేరు పోతుందని భయం. లేవాల్సినప్పుడల్లా "పెరట్లోకి పిల్లొచ్చినట్టుంది" అని వెళ్లి నాలుగడుగులు వేసొచ్చేది. ఆ పెరట్లోకి పిల్లి వచ్చి ఎన్నాళ్లయిందో దేవుడికే తెలియాలి. కుసుమ లేస్తే మాత్రం పాత పాటే పాడేది. కొన్నాళ్లకు కుసుమ లేవడం మానేసింది. "ఇప్పుడు దార్లో పడ్డావు" అని మెచ్చుకుంది వరహాలమ్మ.

మాఘమాసంలో పెళ్లివారి ఆర్డరొకటి వచ్చింది. అత్తాకోడళ్లు పొద్దున్నే చెరో కుండ ముందు కూర్చున్నారు. వరహాలమ్మ పిల్లిని తోలే వంకతో వెళ్లి వచ్చేసరికి, కుసుమ పీట పక్కన ముడుచుకుని పడి ఉంది. కుండ మీద గుడ్డ మాడి పొగ వస్తోంది.

"ఏమైందే తల్లీ!" అని లేవదీయబోతే చేతికి గట్టిగా ఏదో తగిలింది. చీర లోపల బిగించి కట్టిన నడికట్టు. రంగు వెలిసిన ఆ అంచు చూడగానే వరహాలమ్మ గుర్తుపట్టింది. అది తన నడికట్టే.

"అటక మీద దొరికిందండి అత్తయ్యగారూ," అంది కుసుమ. "ఇది కట్టుకునే మీరంతసేపు కూర్చునేవారనుకున్నానండి. ధనుర్మాసం నుంచీ నొప్పేనండి. పిల్లిని తోలడానికి తప్ప మీరేనాడూ లేవలేదు కదండీ. నేనెలా లేవనండీ?"

వరహాలమ్మకు అప్పుడు తెలిసింది. తను పారేసిన రోగాన్ని ఈ పిల్ల ఏరుకుని కట్టుకుంది. మందేమో తను మూసుకున్న తలుపు వెనకే ఉండిపోయింది.

గబగబా ముడి విప్పి ఆ కట్టును పొయ్యిలో పడేసింది. "నేను చేసేది జపం కాదే అమ్మా. పిల్లీ లేదు, గిల్లీ లేదు. నాకూ ఈ నొప్పేనే!" అని బావురుమంది. ఏడుపు విని పక్కిళ్ల ఆడవాళ్లు పరిగెత్తుకొచ్చారు. వాళ్లంతా చూస్తుండగానే కోడలి పక్కన నేల మీద వెల్లకిలా పడుకుని, ఆ పిల్ల చేతిని తన పొట్ట మీద పెట్టుకుంది.

"ఇదిగో, ఇలా పీల్చు. ఇప్పుడు వదిలెయ్. బండి పిలిపిస్తాను, ఇవాళే రాజమండ్రి పోదాం."

ఆ పెళ్లికి పూతరేకులు సగమే అందాయి. "వరహాలమ్మ పని మధ్యలో లేచి వెళ్లిపోయిందంట" అని ఊరంతా చెప్పుకున్నారు. ఆవిడ లెక్కచేయలేదు. కుసుమ అత్తకన్నా తొందరగానే కోలుకుంది. ఇప్పుడు ఆ వీధిలో పొయ్యిల ముందు కూర్చున్న ఆడవాళ్లు కాస్త వంగిపోతే చాలు, "లేవండే, పిల్లొచ్చింది!" అని వరహాలమ్మే ముందు లేస్తుంది.

నీతి: నొప్పిని దాచి దానికి ఓర్పని పేరు పెడితే, మన వెనకవాళ్లు దాన్నే ఓర్పనుకుని మోస్తారు. నయమైన దారి నలుగురికీ చెప్పినప్పుడే మనకు నిజంగా నయమైనట్టు.